బూడిద రంగు దిండు

ఆ రోజుకి పీచు సారు పెట్టుకున్న పనులు రెండే. మధ్యాహ్నం లోపు కుర్చీల కంపెనీ ఆవిడకి గుడ్డ చూపించడం, సాయంత్రం స్టేషనుకి వెళ్లి మామగారిని ఇంటికి తీసుకురావడం. ఒకటి ఉద్యోగం సంగతి, ఇంకోటి కాపురం సంగతి. రెండూ ఒకదానికొకటి అడ్డం రావనుకున్నాడు. చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు, బూట్లు తుడుచుకున్నాడు, గుమ్మం దాకా వచ్చాడు.

"సాయంత్రం మర్చిపోకండి," అంది భార్య లోపల్నించి. "పోయినసారి నాన్న ప్లాట్‌ఫాం మీద కూర్చుని కునికిపాట్లు పడ్డాడు."

"పోయినసారి రైలు ముందొచ్చింది."

"రైళ్లు ముందు రావండీ. మీరు వెనక వెళ్తారు."

పీచు సారు అసలు పేరు మిల్లులో ఎవరూ వాడరు. పెద్ద బట్టల మిల్లు వెనక, వాడకం మానేసిన బాయిలరు పక్కన, రేకుల షెడ్డు ఒకటి ఉంది. అందులో అతను పాతబట్టల్ని చింపి పీచు చేస్తాడు. పీచుని దారం చేయిస్తాడు, దారంతో మళ్లీ గుడ్డ నేయిస్తాడు. రంగు మాత్రం వెయ్యడు. పాతబట్టల్ని రంగుల వారీగా ఏరించి, ఏ రంగు కుప్పని ఆ రంగు గుడ్డగా దింపుతాడు. అందువల్ల రంగునీళ్లు కాలవలో కలవవు, కొత్తగా పత్తి కొననక్కర్లేదు. షెడ్డు గోడ మీద పెద్ద బొమ్మ అంటించి ఉంది. చొక్కా నుంచి పీచుకి, పీచు నుంచి దారానికి, దారం నుంచి తిరిగి చొక్కాకి గుండ్రంగా బాణాలు. కింద 'ఏదీ ఎక్కడికీ పోదు' అని రాసి ఉంది. ఆఖరి బాణం చెమ్మకి ఊడి, ఒక కొసన వేలాడుతూ ఉంటుంది.

మిల్లు డైరెక్టరుకి ఆ బొమ్మ మీద నమ్మకం లేదు. షెడ్డు మీద మాత్రం ఆశ ఉంది, ఖాళీ అయితే నూలు బేళ్లు పెట్టుకోవచ్చని. "కుర్చీల కంపెనీ ఊ అంటే నీ యంత్రం ఉంటుంది. ఊహూ అంటే పాత ఇనుమువాడు వస్తాడు," అని తేల్చేశాడు. పీచు సారు ఆ చింపే యంత్రాన్ని ఎక్కడెక్కడి ముక్కలో తెచ్చి, బిగించి, నిలబెట్టినవాడు. దాని చప్పుడులో తేడా వస్తే ఆ పూట అతనికి తిండి సహించదు.

ఆ ఉదయం గుడ్డని కిటికీ దగ్గర పరిచి చూసేసరికి తేడా చప్పుడులో లేదు, రంగులో ఉంది. గుడ్డ బూడిద రంగుదే. కానీ వెలుగు పక్కగా పడినచోట లోపల్నించి ఎర్రజీర కనబడుతోంది. సిగ్గుపడినవాడి చెవుల్లా ఉంది.

షెడ్డులో పాతబట్టలు ఏరే ఆవిడ ఎప్పుడూ గుట్ట మీదే కూర్చుని పనిచేస్తుంది. అందుకని గుట్టక్క అంటారు.

"అక్కా, ఈ లాటులో ఏం వేశావు?"

"బూడిద రంగువి."

"అన్నీ బూడిద రంగువేనా?"

"కానివి వేస్తే మీరు ఊరుకుంటారా సారూ?"

అది సమాధానమో ఎదురు ప్రశ్నో తేల్చుకునే లోపలే డైరెక్టరు కుర్చీల కంపెనీ ఆవిడని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడ గుడ్డని వేళ్లతో ముట్టుకోదు, చేతి వెనక వైపుతో నిమురుతుంది. నిమిరింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. మళ్లీ నిమిరింది.

"చిన్న పొరపాటు జరిగిందండీ," అన్నాడు పీచు సారు. "వచ్చే లాటులో—"

"పొరపాటా? బూడిద రంగు గుడ్డలు చూసి చూసి నాకు విసుగొచ్చింది. అన్నీ చచ్చిన ఎలకల్లా ఉంటాయి. దీంట్లో ప్రాణం ఉంది. ఈ ఎర్రజీర ఎలా తెచ్చారు?"

డైరెక్టరు పీచు సారు వైపు చూశాడు. పీచు సారు గుట్టక్క వైపు చూశాడు. గుట్టక్క చేతిలో ఉన్న చొక్కా కాలరు వైపు చూసింది.

"పరిశోధనండీ," అన్నాడు పీచు సారు.

"ఒకసారి ఎవరికైనా కుదురుతుంది. ఇంకో లాటు చేయండి. అచ్చం ఇదే రంగు మళ్లీ వస్తే ఆర్డరు మీదే. సోమవారం వస్తా."

ఆవిడ కారు గేటు దాటాక డైరెక్టరు అడిగాడు. "ఏం పరిశోధనయ్యా అది?"

"ఇంకా పూర్తి కాలేదండీ."

"సోమవారానికి పూర్తవ్వాలి."

యంత్రం అడుగున చెత్త పడే రేకు పెట్టె ఉంటుంది. గుండీలు, కొక్కేలు, జిప్పు పళ్లు అందులో రాలతాయి. పీచు సారు దాన్ని నేల మీద బోర్లించి, మోకాళ్ల మీద కూర్చుని వెతికాడు. ప్లాస్టిక్కు గుండీల మధ్య చెక్క గుండీ ఒకటి దొరికింది. దాని మీద నాలుగు రేకుల పువ్వు చెక్కి ఉంది. అతను దాన్ని తుడిచి అరచేతిలో పెట్టుకున్నాడు. ఆ గుండీని అతను చాలాసార్లు చూశాడు, మామగారి పొట్ట మీద.

అది మెరూన్ రంగు ఊలు స్వెటరు. భార్య పదో తరగతిలో ఉండగా తన చేతులతో అల్లి తండ్రికి ఇచ్చింది. అప్పట్నించీ చలికాలమంతా ఆయన ఒంటి మీద అదే. పోయినసారి వచ్చినప్పుడు ఇక్కడే వదిలి వెళ్లారు.

"అక్కా, మెరూన్ స్వెటరు ఏదైనా వచ్చిందా?"

"మెరూన్‌ది బూడిదలో ఎందుకేస్తాను సారూ? నాకు కళ్లు లేవా?" గుట్టక్క కాసేపు ఆలోచించింది. "దిండు ఒకటి వచ్చింది. మీ ఇంటి సంచిలోనే. బూడిద రంగు గలీబు. మూతి దగ్గర ముడి మీద ముడి, ముడి మీద ముడి. గోళ్లు విరిగాయి గానీ అది రాలేదు. పైన బూడిద రంగే కదా అని అలాగే వేసేశా."

"లోపల ఏముందో చూడలేదా?"

"దిండులో ఏముంటుంది సారూ?"

ఇంటి వరండా మూల పాతబట్టల సంచి ఉంటుంది. నిండగానే స్కూటరు ముందు పెట్టుకుని షెడ్డుకి తెచ్చేది పీచు సారే. అంటే మామగారి స్వెటరుని తన చేతులతోనే తెచ్చి తన యంత్రంలోనే వేయించాడన్నమాట. అది గలీబులోకి ఎలా దూరిందో ఆలోచించబోతుండగా ఫోను మోగింది.

"నాన్న స్వెటరు ఎండలో వేద్దామని బీరువా తీశా. లేదు. మీరేమైనా చూశారా?"

పీచు సారు చేతిలో గుండీ ఉంది. "డ్రై క్లీనింగుకిచ్చా," అన్నాడు.

"మీరా? మీ అంతట మీరా?"

"మామయ్యగారు వస్తున్నారు కదా అని."

"ఏమోననుకున్నా మిమ్మల్ని," అంది ఆవిడ. పెళ్లయిన కొత్తలో విన్న గొంతు అది. నిజం చెప్పడానికి ఉన్న ఒక్క దారీ ఆ గొంతుతో మూసుకుపోయింది.

సాయంత్రం రైలు అనుకున్న వేళకే వచ్చింది. చలిగాలి ఈడ్చి కొడుతోంది. మామగారు పల్చటి చొక్కా మీద దిగారు. పళ్లు టకటకలాడుతున్నా మొహం మాత్రం తేటగా ఉంది. ఒక చేతిలో పెట్టె, ఇంకో చంకలో తువ్వాలుతో కట్టిన మూట. మామగారు ఏది కట్టినా అంతే, ముడి వేశాక దాని మీద ఇంకోటి వేస్తారు, తర్వాత అనుమానం తీరక మూడోది వేస్తారు. వాటిని విప్పడం ఈ లోకంలో కూతురికొక్కదానికే వచ్చు, అదీ పళ్లతో.

"మూట ఇటివ్వండి మామయ్యగారూ."

"వద్దయ్యా, బరువేం లేదు. మాసిన బట్టలు."

"మాసిన బట్టలు అక్కడ్నించి మోసుకొచ్చారా?"

"దారిలో మాశాయి."

ఇంటికి రాగానే కూతురు తండ్రి చేతులు పట్టుకు చూసింది. "మంచుగడ్డల్లా ఉన్నాయి నాన్నా! రేపో మాపో స్వెటరు వచ్చేస్తుందిలే. ఈయన డ్రై క్లీనింగుకిచ్చారు."

మామగారి మొహంలో తేటదనం పోయింది. "స్వెటరా?" అన్నారు. "ఏ స్వెటరు?"

"నీకెన్ని ఉన్నాయి నాన్నా? నేనల్లిందే."

"డ్రై క్లీనింగుకి ఇచ్చావా అల్లుడూ? నువ్వే?"

"అవునండీ."

"చేత్తో పట్టుకెళ్లి?"

"అవునండీ."

ఆ రాత్రి భోజనంలో మామగారు కలిపిన అన్నాన్నే మళ్లీ మళ్లీ కలిపారు. చనిపోయారని విన్న మనిషి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చినట్టు కూర్చున్నారు.

మర్నాడు పొద్దున పెరట్లో కుళాయి దగ్గర ఇద్దరూ ఒంటరిగా తటస్థపడ్డారు. మామగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "అల్లుడూ, నిజం చెప్పు. ఆ స్వెటరు లేదు కదూ?"

పీచు సారు నోట్లో బ్రష్షు ఆగిపోయింది. "మీకు తెలుసా?"

"నాకు తెలీకపోవడమేంటయ్యా."

"నన్ను క్షమించాలి మామయ్యగారూ."

"నువ్వెందుకయ్యా క్షమాపణ చెప్పడం? ఎంత పెద్ద మనసు నీది! ఇది మనిద్దరి మధ్యే ఉండనీ. అమ్మాయికి తెలిస్తే ఏమైనా ఉందా?"

అల్లుడు చేసిన ఘోరాన్ని మామగారు కడుపులో పెట్టుకున్నారని పీచు సారు అనుకున్నాడు. తన గుట్టు తెలిసి కూడా అల్లుడు నింద మీదేసుకుంటున్నాడని మామగారు అనుకున్నారు. ఒకరి మంచితనానికి ఒకరు తడిసిపోయి, ఎవరి చెంబు వాళ్లు తీసుకుని లోపలికి వెళ్లారు.

కానీ భార్య ఊరుకునే మనిషి కాదు. పూటపూటకీ అడుగుతోంది. అందుకని పీచు సారు బజారంతా తిరిగి, ఇంచుమించు అదే మెరూన్ రంగులో, చెక్క గుండీలున్న స్వెటరు ఒకటి వెతికి కొన్నాడు. చిక్కల్లా ఒకటే. అది కొత్తది. భార్య అల్లింది ఉతికి ఉతికి మెత్తబడి, మోచేతుల దగ్గర పల్చబడి, భుజాల మీద ఎండకి వెలిసి ఉండేది.

మిల్లులో ఇందుకు సాధనాలున్నాయి. గుడ్డ ఎన్నాళ్లు మన్నుతుందో పరీక్షించడానికి తిప్పి తిప్పి ఉతికే డ్రమ్ము, రుద్ది రుద్ది అరగదీసే యంత్రం, ఎండలా కాసే దీపం. పాతవాటిని కొత్తవి చేయడానికి జీతం తీసుకుంటున్న మనిషి తలుపు దగ్గరగా వేసి కొత్తదాన్ని పాతది చేయడానికి కూర్చున్నాడు. డ్రమ్ములో తిప్పాడు. దీపం కింద ఉంచాడు. మోచేతులు అరగడానికి రుద్దే యంత్రం మీద బిగించి, అది తిరుగుతుండగా టీ తాగడానికి వెళ్లాడు.

అంతకు ముందే అతను గుట్టక్కతో ఒక మాట చెప్పి ఉన్నాడు. "అక్కా, సోమవారానికి మెరూన్ ఊలు కావాలి. ఎక్కడ కనిపించినా ఆలోచించొద్దు, బూడిద కుప్పలో వేసి యంత్రానికి పెట్టెయ్."

టీ తాగి వచ్చేసరికి రుద్దే యంత్రం ఖాళీగా తిరుగుతోంది. పక్క గదిలోంచి చింపే యంత్రం చప్పుడు వినిపిస్తోంది. గుట్టక్క ఎదురొచ్చింది. ఆవిడ నవ్వడం పీచు సారు చూడటం అదే మొదలు.

"దొరికింది సారూ! అక్కడ మిషను మీద ఎవరో మర్చిపోయారు. మీరు చెప్పినట్టే ఒక్క క్షణం ఆలోచించలేదు."

పీచు సారు గోడకి ఆనుకున్నాడు. ఇంటికి స్వెటరు లేదు. పోనీ షెడ్డుకి రంగైనా వస్తుందన్న ఆశతో ఆ పీచునే దారం చేయించి, ఆదివారం కూడా మగ్గం తిప్పించి, గుడ్డ దించాడు. గుడ్డని చూశాడు. ఇంటికి వెళ్లి అన్నం వద్దన్నాడు.

సోమవారం పొద్దున భార్య చెప్పులు వేసుకుంటూ అంది, "ఇవాళ ఆ డ్రై క్లీనింగువాడి సంగతి నేనే చూస్తా. మీరు మెత్తటి మనిషి, మిమ్మల్ని తిప్పుకుంటున్నాడు."

"వద్దులే, నేనడుగుతాగా."

"మీరు అడగడం నాకు తెలుసు. మీ పక్క సీటు ఖాళీ చేయమని బస్సులో కూడా అడగలేరు."

ఆవిడ వెళ్లిపోయింది. మామగారు అప్పటికే తయారై స్కూటరు పక్కన నిలబడి ఉన్నారు, చంకలో తువ్వాలు మూటతో. "నీ షెడ్డు చూపించు అల్లుడూ. ఎన్నాళ్లనుంచో చూడాలని."

"ఆ మూటెందుకు మామయ్యగారూ?"

"చల్లగా ఉంది కదా, ఒళ్లో పెట్టుకుంటే వెచ్చగా ఉంటుంది."

పీచు సారుకి ఆ మాటలో అర్థం వెతికే ఓపిక లేదు. షెడ్డులో మామగారిని గోడ బొమ్మ ముందు నిలబెట్టి, గుడ్డ పరచడానికి వెళ్లాడు.

కుర్చీల కంపెనీ ఆవిడ చేతి వెనక వైపుతో ఒక్కసారే నిమిరింది. మొదటి ముక్కని పక్కన పెట్టి చూసింది. చూడనక్కర్లేదు కూడా. బూడిద రంగు మీద మెరూన్ ఉండలు ఉండలుగా పైకి తేలి ఉంది. దోమలు కుట్టిన వీపులా ఉంది గుడ్డ.

"అందులో రంగు కలిసిపోయింది," అందావిడ. "ఇందులో రంగు కూర్చుంది. ఇది నాకొద్దు."

"స్వెటర్ల దుకాణంలో కొత్తది కొన్నావటగా?" అన్నాడు డైరెక్టరు. ఈ మాట అతనికి ఎలా చేరిందో తెలీదు, మిల్లులో మాటలు దారం కంటే వేగంగా నడుస్తాయి. "కొత్తది కొని, అరగదీసి పాతది చేసి, చింపి పీచు చేసి, మళ్లీ కొత్తది చేస్తున్నావా? ఇదేనా నీ పరిశోధన?"

"మొదటిది అసలైన ఊలండీ. ఏళ్ల తరబడి ఉతికి, ఒక్కో పోగు ఒక్కోలా వెలిసింది. అందుకే అలా కలిసింది. ఇది పేరుకే ఊలు, సగం ప్లాస్టిక్కు."

"ఆ మొదటిది ఇంకోటి తెండి మరి," అంది ఆవిడ.

"అది ఒక్కటేనండీ ఉంది."

డైరెక్టరు చింపే యంత్రాన్ని చూస్తూ దాని చుట్టూ ఒకసారి నడిచాడు. తూకం ఎంత ఉంటుందోనని చూసే మనిషి నడక అది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో భార్య ప్రత్యక్షమైంది.

"ఆ డ్రై క్లీనింగు దుకాణం ఆయన మీ మొహమే చూడలేదన్నాడు! పాపం పెద్దాయన, బీరువాలన్నీ తెరిచి చూపించాడు. ఆయన్ని దొంగ అని నలుగురిలో తిట్టొచ్చాను." ఆవిడ చూపు బల్ల మీద చెక్క గుండీ మీద పడింది. తీసుకుని వేళ్ల మధ్య తిప్పింది. యంత్రం వైపు చూసింది. గొంతు తగ్గిపోయింది. "ఏవండీ, నాన్న స్వెటరు అందులో వేశారా?"

పీచు సారు నోరు తెరిచాడు. అతను మాట్లాడే లోపల గుట్ట మీద నుంచి కేక వినిపించింది.

"సారూ! మళ్లీ వచ్చింది!"

గుట్టక్క తువ్వాలు మూటని రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది. "ఈసారి గలీబు కాదు, తువ్వాలు. ముడి మాత్రం అదే సారూ! ముడి మీద ముడి! ఇప్పుడే వచ్చింది, ఇందాక ఇక్కడ లేదు."

భార్య మూట అందుకుంది. ముడిని చూసింది. చిన్నప్పట్నించి తాను విప్పుతున్న ముడి. ఆవిడ కూర్చుని, పళ్లతో ఒకటి, రెండు, మూడు లాగింది. మూట తెరుచుకుంది. మెరూన్ మఫ్లరు. మెరూన్ టోపీ. మెరూన్ చేతి తొడుగులు, మెరూన్ మేజోళ్లు, మెరూన్ చేతుల్లేని బనీను, నడుం పట్టీ. స్వెటరు అల్లాక మిగిలిన ఊలుతో ఏటా ఒకటి చొప్పున ఆవిడ తండ్రికి అల్లి పంపినవన్నీ అందులో ఉన్నాయి.

మామగారు గోడ మీద బొమ్మని ఎంతో శ్రద్ధగా చూస్తున్నారు.

"నాన్నా."

"ఈ బాణం ఊడిపోయింది అల్లుడూ. జిగురుందా?"

"నాన్నా, ఇటు తిరుగు."

ఆయన తిరిగారు. "గుచ్చుకుంటుందమ్మా," అన్నారు.

"ఏంటి?"

"ఒళ్లంతా గుచ్చుకుంటుంది. మెడ దగ్గర మరీ. చలికాలం వస్తుందంటే నాకు భయం చలంటే కాదమ్మా, అదంటే. పదో తరగతి పిల్లవి, పరీక్షలు మానేసి మరీ అల్లావు. తొడుక్కోగానే 'ఎలా ఉంది నాన్నా' అన్నావు. 'బావుందమ్మా' అన్నాను. అంతే, ఇన్నేళ్లూ ఇరుక్కుపోయాను."

"గోడ పక్కన నిలబడి వీపు రుద్దుకునేవాడివి. అలవాటనుకున్నా."

"అలవాటే అయ్యింది."

"పారెయ్యలేకపోయావా?"

"నువ్వు అల్లింది నా చేత్తో ఎట్లా పారేస్తాను? ఇక్కడైతే ఏదీ ఎక్కడికీ పోదని అల్లుడు చెప్పాడు. అందుకని గలీబులో పెట్టి మీ వరండా సంచిలో వేశా. అది బాగా జరిగింది కదా అని మిగతావి కూడా తెచ్చా."

భార్యకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "ఒక్క మాట చెప్పి ఉంటే ఆ డ్రై క్లీనింగాయనని దొంగ అనేదాన్నా?" అంది. ఆ మాట ఇద్దరిలో ఎవరికి తగలాలో అర్థంకాక మామా అల్లుళ్లిద్దరూ తల వంచుకున్నారు.

ఈ గొడవలో కుర్చీల కంపెనీ ఆవిడని అందరూ మర్చిపోయారు. ఆవిడ మాత్రం నేల మీద నుంచి మఫ్లరు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. మొదటి గుడ్డముక్కని దాని పక్కన పెట్టింది. చేతి వెనక వైపుతో మఫ్లరుని నిమిరి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పెద్దాయన చెప్పింది నిజమే," అంది చెయ్యి రుద్దుకుంటూ. "కానీ రంగు ఇదే. వీటితో లాటు చేయండి. నేను ఆగుతాను."

లాటు దిగింది. రంగు కుదిరింది. పాత ఇనుమువాడికి మళ్లీ చూద్దామని కబురు వెళ్లింది. పీచు సారు భార్యని స్కూటరు మీద ఎక్కించుకుని డ్రై క్లీనింగు దుకాణానికి వెళ్లాడు. ఆవిడ క్షమాపణ చెప్పింది. అతను ఇంట్లో ఉన్న రెండు కోట్లు ఉతకడానికిచ్చాడు, మాసినవి కాకపోయినా.

కొంత దారం మిగిలింది. బూడిద రంగు నూలుతో కలిసి బాగా మెత్తబడిన దారం. భార్య దాన్ని ఇంటికి తెప్పించుకుని, ఎవరేం చెప్పినా వినకుండా, తండ్రికి మళ్లీ స్వెటరు అల్లింది. దానికి పాత చెక్క గుండీ ఒకటి, దానికి జతగా కొత్తవి కొన్ని కుట్టింది. మామగారు తొడుక్కున్నారు. ఇంటిల్లిపాదీ ఆయన మెడ వైపే చూశారు.

"ఎలా ఉంది నాన్నా? ఈసారి నిజం చెప్పాలి."

"బావుందమ్మా," అన్నారాయన. ఊరికి కూడా దాంతోనే వెళ్లారు. చలికాలం చివర్లో ఒకసారి వచ్చి, నాలుగు రోజులుండి, కులాసాగా రైలెక్కారు.

ఆ వారమే పీచు సారు వరండాలో సంచిని షెడ్డుకి చేర్చాడు. కాసేపటికి గుట్టక్క గుట్ట మీద నుంచి వంగి పిలిచింది. కేక వెయ్యలేదు, మెల్లిగానే పిలిచింది.

"సారూ. దిండు వచ్చింది. విప్పనా?"

పీచు సారు వద్దని తలూపి, జిగురు సీసా తెచ్చి, గోడ మీద ఊడిన బాణాన్ని అంటించాడు.